భూశాస్త్రవేత్తలకు ఫైనైట్ ఎలిమెంట్ వర్క్‌షాప్: ఏ దారిన నేర్పాలి?

డిపార్ట్‌మెంట్‌కి కాస్త గ్రాంటు వస్తుంది, మార్చిలోపు ఖర్చు పెట్టాలి, ఫైనైట్ ఎలిమెంట్ మోడలింగ్ (నేలనో రాయినో చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌తో లెక్కకట్టే పద్ధతి) మీద మూడు రోజుల వర్క్‌షాప్ పెడదాం అని మీటింగ్‌లో అనేసుకుంటారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు తయారు. అందులో మొదటి మెసేజ్: "ఏ సాఫ్ట్‌వేర్?" ఒకరు కామ్‌సోల్ అంటారు. ఇంకొకరు తాము పీహెచ్‌డీలో వాడిన ఆస్పెక్ట్ అంటారు. సీనియర్ ప్రొఫెసర్‌గారు మ్యాట్‌ల్యాబ్ చాలదా అంటారు. వచ్చేవాళ్లు ఎవరో తెలీదు, వాళ్ల ప్రశ్న ఏమిటో తెలీదు, సాఫ్ట్‌వేర్ మీద మాత్రం రాత్రి పదకొండింటి దాకా వాదన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇలాంటి వర్క్‌షాపులు నేను నాలుగు నడిపాను. మొదటిది ఘోరం. పొద్దున 10 గంటలకి 30 మంది ఒకేసారి డాకర్ ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ అంతా కట్టి పెట్టిన పెద్ద ఫైల్) దించుకోబోయేసరికి హాల్లో వైఫై చచ్చూరుకుంది. భోజనాల వేళకి 11 మంది స్క్రీన్ల మీదే ఏదో కదిలింది. మిగతావాళ్లు మూడు రోజులూ పక్కవాళ్ల ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసి, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లారు. ఆ తర్వాత మూడింటిలో తలో దారీ పట్టి చూశాను. మీరు కూడా ఆ వాట్సాప్ గ్రూపులో ఇరుక్కుని ఉంటే, ఇది మీకోసమే.

ముందు చూడాల్సినవి

మొదటిది, వచ్చేవాళ్ల గణితం. మన దగ్గర జియోఫిజిక్స్ పిల్లలు ఎంపీసీ దారిలో వస్తారు, డిఫరెన్షియల్ ఈక్వేషన్ చూసి భయపడరు. జియాలజీలో బైపీసీ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. ఫీల్డ్‌లో షియర్ జోన్ చూసి గంటసేపు మాట్లాడగలరు గానీ, మాత్రికల్ని చివరిసారి ఎప్పుడు చూశారో వాళ్లకే గుర్తుండదు. ఈ రెండు రకాల వాళ్లనీ ఒకే హాల్లో కూర్చోబెడతాం కాబట్టి, రిజిస్ట్రేషన్ ఫారంలో "మీకు పైథాన్ వచ్చా?" అని అడగడం కంటే, "ఇంటర్ గ్రూపు ఏమిటి?" అని అడిగితేనే నాకు ఎక్కువ తెలిసింది.

రెండోది, ప్రశ్న. ఫాల్ట్ (భూమిలోని పగులు) జారితే నేల ఎంత కదులుతుంది? మ్యాంటిల్ ఎలా ప్రవహిస్తుంది? రిజర్వాయర్ నీటి ఒత్తిడి కిందికి ఎంతకాలంలో దిగుతుంది? బొగ్గు గనిలో పిల్లర్ ఎంత బరువు మోస్తుంది? నాలుగూ ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలే. నాలుగింటికీ ఒకే సాఫ్ట్‌వేర్ చాలదు.

మూడోది, మొదటి బొమ్మ స్క్రీన్ మీద కనబడేదాకా ఎన్ని గంటలు పోతాయి అన్నది. నాలుగోది, వర్క్‌షాప్ ముగిసిన సోమవారం నాడు అదే పనిముట్టు వాళ్ల చేతిలో ఉంటుందా, లైసెన్సు గడువు తీరి పోతుందా అన్నది.

ఐదోది మిగతా అన్నింటికంటే ఎక్కువ తూగాలని నా పట్టుదల: తప్పు చేసినప్పుడు ఆ తప్పు వాళ్లకే కనబడుతుందా? ఇంజనీరుకైతే వంతెన కూలితే తెలుస్తుంది. మనకి ఆ సౌకర్యం లేదు. 40 కిలోమీటర్ల లోతుకి వెళ్లి థర్మామీటర్ పెట్టి వచ్చినవాళ్లు లేరు. పైగా తప్పు జవాబు ఎలాంటిది వచ్చినా, దానికి సరిపడే భౌగోళిక కథ ఒకటి మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఒకటో దారి: చేత్తో రాసుకునే కోడ్

మ్యాట్‌ల్యాబ్ గానీ, డబ్బు పెట్టక్కర్లేని ఆక్టేవ్ గానీ, పైథాన్ గానీ. వంద వరసల లోపు కోడ్. నేను బోర్డు మీద నాలుగే నాలుగు ఎలిమెంట్లతో మొదలుపెడతాను.

క్రస్ట్ మందం 40 కి.మీ. దాన్ని 10 కి.మీ. చొప్పున నాలుగు ముక్కలు చేయండి. రాయి ఉష్ణవాహకత 2.5 (మీటరుకి, డిగ్రీకి వాట్లు). రాయిలో పుట్టే రేడియోధార్మిక వేడి ఘనమీటరుకి 1 మైక్రోవాట్. అడుగున మ్యాంటిల్ నుంచి వచ్చేది చదరపు మీటరుకి 20 మిల్లీవాట్లు. నేల మీద ఉష్ణోగ్రత సున్నా అనుకుందాం. 2.5ని ముక్క పొడవు 10,000 మీటర్లతో భాగిస్తే 0.00025. ప్రతి ఎలిమెంట్ చిట్టి మాత్రికా ఇదే సంఖ్యతో తయారవుతుంది. ఒక్కో ముక్కలో పుట్టే 10 మిల్లీవాట్ల వేడిని దాని రెండు కొసల బిందువులకి, అంటే నోడ్‌లకి, చెరి 5 పంచుతాం. అన్నీ కలిపి సాల్వ్ చేస్తే, 10, 20, 30, 40 కి.మీ. లోతుల్లో వచ్చేవి 220, 400, 540, 640 డిగ్రీలు. కాగితం మీద ఖచ్చితమైన సూత్రంతో లెక్కేసినా అవే అంకెలు, ఒక్క డిగ్రీ తేడా ఉండదు. కేవలం నాలుగు ముక్కలతో ఇంత ఖచ్చితత్వమా అని క్లాసులో గుసగుసలు మొదలవుతాయి. నోడ్‌ల దగ్గర అలా కుదరడం ఈ ఒక పరిమాణపు లెక్కకి ఉన్న ప్రత్యేకత, రెండు నోడ్‌ల మధ్యలో అలా ఉండదు, గీసి చూడండి అంటాను. గీస్తారు. సరళరేఖ ముక్కలకి, అసలు వంపుకి మధ్య ఖాళీ కనబడుతుంది. ఎలిమెంట్ సైజు సగం చేస్తే ఆ ఖాళీ నాలుగో వంతు అవుతుంది. మెష్ (ఈ ముక్కల వల) ఎందుకు సన్నగా ఉండాలన్న దానిమీద నేను ఇంకో స్లయిడ్ వెయ్యను.

ఒకసారి వెనక వరసలో ఒక అమ్మాయికి అడుగున 320 వచ్చింది. "640 రావాలి కదా?" అన్నాను. "మేడమ్, ధార్వార్ క్రాటన్ చల్లగానే ఉంటుంది కదా" అంది. నిజమే, ధార్వార్ క్రాటన్ (కర్ణాటక వైపు ఉన్న అతి పాత రాతి ఖండం) కింద ఉష్ణప్రవాహం తక్కువే. కానీ ఆమె లెక్క చల్లబడ్డది క్రాటన్ వల్ల కాదు. అడుగు నోడ్‌కి ఆ 20 మిల్లీవాట్లు కలపడం మరిచిపోయింది. ఆ ఒక్క వరస లేకపోతే జవాబు సరిగ్గా సగమవుతుంది. కోడ్ వంద వరసల్లోపే కాబట్టి ఐదు నిమిషాల్లో తనే పట్టుకుంది. అదే తప్పు పెద్ద ప్యాకేజీలో, మూడు డైమెన్షన్లలో, ఎక్కడో ఒక డ్రాప్‌డౌన్‌లో జరిగి ఉంటే? క్రాటన్ కథతో పేపర్ రాసుకునేది.

ఈ దారి లోపం కూడా చెప్పాలి. మూడు రోజుల్లో ఒక పరిమాణం నుంచి రెండు పరిమాణాలకి వెళ్లగలం, అంతే. నిజమైన ఫాల్ట్ జ్యామితి, మూడు డైమెన్షన్ల మెష్ ఈ కోడ్‌కి అందవు. ఒక వైపు 100 నోడ్‌లున్న క్యూబ్ తీసుకుంటే మొత్తం 10 లక్షల నోడ్‌లు, ఒక్కోదానికి మూడు దిశల కదలిక, అంటే 30 లక్షల తెలియని సంఖ్యలు. మామూలు డైరెక్ట్ సాల్వర్‌తో 8 జీబీ ల్యాప్‌టాప్ దీన్ని మోయలేదు. రెండు పరిమాణాల్లో మాత్రం తెలివిగా రాసిన మ్యాట్‌ల్యాబ్ కోడ్ దేనికీ తీసిపోదు. మిలామిన్ అనే కోడ్‌కి ఆ పేరు వచ్చిందే పది లక్షల తెలియని సంఖ్యల్ని నిమిషంలో సాల్వ్ చేస్తుందని.

ఇంకో చిక్కు ఉదాహరణలది. ఈ పద్ధతి విమాన రెక్కల లెక్కల్లో పెరిగింది. 1956 నాటి టర్నర్, క్లఫ్ బృందం పేపర్ ఆ పని మీదే, ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టాడు. అందుకే ఇంజనీరింగ్ పుస్తకాలు తెరిస్తే మొదట ట్రస్సులు, బీములు. సివిల్ డిపార్ట్‌మెంట్ నుంచి స్నేహితుణ్ణి పిలిచి మొదటి రోజు చెప్పించారో, మధ్యాహ్నానికి జియాలజీ వాళ్లు సగం మంది నిద్రపోతారు. ఉదాహరణ రాయిదే కావాలి.

రెండో దారి: ఫీనిక్స్, ఫైర్‌డ్రేక్ లాంటి పైథాన్ లైబ్రరీలు

వీటిలో మాత్రికలు మీరు కూర్చక్కర్లేదు. సమీకరణాన్ని వీక్ ఫామ్‌లో రాస్తే చాలు, మిగతాది లైబ్రరీ చూసుకుంటుంది. ఫీనిక్స్ 2003లో మొదలైన ప్రాజెక్టు. ఫైర్‌డ్రేక్ లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి వచ్చింది. రెండూ ఉచితం. కాగితం మీద రాసినదానికి, కోడ్‌లో రాసినదానికి పెద్ద తేడా ఉండదు. ఎంపీసీ బ్యాచ్‌కి ఇది పండగ.

అయితే వీక్ ఫామ్ అన్న మాట దగ్గరే సగం హాలు జారిపోతుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ ఫంక్షన్, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ అంటూ మొదలుపెడితే మరీను. నేను తెలుగులో ఇలా చెప్తాను: సమీకరణం ప్రతి బిందువు దగ్గరా నిజం కావాలని పట్టుబట్టం. ఒక్కో నోడ్ చుట్టూ ఒక గుడారం వేస్తాం. నోడ్ దగ్గర దాని ఎత్తు ఒకటి, పక్క నోడ్‌ల దగ్గర సున్నా. ఆ గుడారం ఎత్తునే బరువుగా వేసి సగటు తీస్తే సమీకరణం నిలబడితే చాలంటాం. ఎన్ని నోడ్‌లుంటే అన్ని గుడారాలు, అన్ని సమీకరణాలు. గ్రేడ్‌ని శాంపుల్ పొడవుతో తూచి సగటు తీయడం అలవాటైనవాళ్లకి ఈ మాట చటుక్కున ఎక్కుతుంది.

ఇన్‌స్టలేషన్ విషయంలో ఈ దారికి ఒక అదృష్టం ఉంది: బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరిచి అక్కడే నడిపించవచ్చు, అందుకు ఫెమ్ ఆన్ కోలాబ్ అనే ఏర్పాటుంది. ల్యాప్‌టాప్‌లో ఏమీ ఎక్కించక్కర్లేదు. కాకపోతే అందరికీ నెట్ ఉండాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లోనే నడపాలంటే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) దారి నమ్మకం.

జాగ్రత్త పడాల్సింది వెర్షన్ల దగ్గర. పాత ఫీనిక్స్ 2019 రిలీజ్‌తో ఆగిపోయింది. ఇప్పటి ఫీనిక్స్‌ఎక్స్‌లో కమాండ్లు వేరు. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలా భాగం పాతదానివే. కుర్రాళ్లు రాత్రి హాస్టల్లో వెతికి ఒక కోడ్ తెచ్చుకుంటారు, పొద్దున అది నడవదు, తప్పు తమదేననుకుంటారు. మీరు పంచే నోట్స్ మొదటి పేజీలోనే ఏ వెర్షనో పెద్ద అక్షరాలతో వెయ్యండి.

మూడో దారి: భూశాస్త్రం కోసమే తయారైన ప్యాకేజీలు

ఇక్కడ ప్రశ్నే ప్యాకేజీని ఎంచుతుంది.

ఫాల్టుల మీద పనిచేసేవాళ్లకి పైలిత్. భద్రాచలం దగ్గర 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం, 2024 డిసెంబర్ 4 పొద్దున హైదరాబాద్ దాకా తెలిసిన ములుగు ప్రకంపన, రెండూ గోదావరి లోయవే. అక్కడ ఒక ఫాల్ట్ గీసి, ఇంత జారితే నేల ఎంత కదిలింది అని అడిగితే హాలంతా ముందుకి వంగుతుంది. పైలిత్ పని సరిగ్గా అదే. సరిచూసుకోవడానికి మంచి లెక్క కూడా ఉంది. స్ట్రైక్ స్లిప్ ఫాల్ట్ (రెండు వైపులూ ఒకదాని పక్కగా ఒకటి అడ్డంగా జారే పగులు) పై 15 కి.మీ. బిగుసుకుని, కింద నిరంతరం జారుతుంటే, ఫాల్ట్‌కి సరిగ్గా 15 కి.మీ. దూరంలోని బిందువు ఆ వైపు దూరపు వేగంలో సగంతో కదలాలి. మీ మోడల్‌లో అలా రాకపోతే మొదట అనుమానించాల్సింది డొమైన్ (మోడల్‌లో తీసుకున్న నేల ముక్క) సైజుని, అంచులు ఫాల్ట్‌కి మరీ దగ్గరగా ఉండి ఉంటాయి.

పైలిత్‌తో వచ్చే బాధ మెష్. ఫాల్ట్ మెష్ గీతల వెంటే పోవాలి కాబట్టి, ముందు జీమెష్ అనే మెష్ గీసే సాఫ్ట్‌వేర్ నేర్పాలి. దానికే ఒక పూట పోతుంది. ఆ పైన పెట్‌సీ (పైలిత్ లోపల సమీకరణాలు సాల్వ్ చేసే లైబ్రరీ) నుంచి వచ్చే ఎర్రర్ మెసేజ్‌లు, స్క్రీన్ నిండా. అవి చూసి కొత్తవాళ్లు భయపడటం సహజమే. మూడో వెర్షన్ నుంచి పోరోఎలాస్టిసిటీ (రాతి రంధ్రాల్లోని నీటి ఒత్తిడిని, రాయి వైకల్యాన్ని కలిపి చూసే లెక్క) కూడా ఉంది, అంటే మహారాష్ట్రలోని కొయనా డ్యామ్ లాంటి ప్రశ్నలకి పనికొస్తుంది. కొయనాలో 1967 డిసెంబర్ 10న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, రిజర్వాయర్ నిండటం మొదలై అప్పటికి ఐదేళ్లు. ఒత్తిడి 5 కి.మీ. దిగడానికి ఎంతకాలమో చేత్తోనే అంచనా వేయించండి: దూరం వర్గాన్ని డిఫ్యూజివిటీతో (ఒత్తిడి రాయిలో ఎంత త్వరగా పాకుతుందో చెప్పే అంకె) భాగించడమే. డిఫ్యూజివిటీ సెకనుకి 1 చదరపు మీటర్ అనుకుంటే 2.5 కోట్ల సెకన్లు, ఇంచుమించు 290 రోజులు. డిఫ్యూజివిటీ పదో వంతుకి తగ్గితే ఎనిమిదేళ్లు. ఈ అంచనా వేశాకే సాఫ్ట్‌వేర్ తెరవనివ్వండి.

మ్యాంటిల్, లిథోస్ఫియర్ ప్రవాహాలకి ఆస్పెక్ట్. డీల్ టూ అనే లైబ్రరీ మీద కట్టినది, వేడి చురుగ్గా మారే చోట మెష్‌ని తనే సన్నగా చేసుకుంటుంది. దీనికి కోడ్ రాయక్కర్లేదు, ఒక పారామీటర్ ఫైల్ మార్చి నడిపించడమే. మొదటి గంటలోనే ప్లూమ్ (వేడి రాతి స్తంభం) పైకి లేస్తుంది, ఫోన్లు తీసి వీడియో తీసుకుంటారు. సరిచూసుకోవడానికి 1989 నాటి బ్లాంకెన్‌బాక్ బెంచ్‌మార్క్ (జవాబు ముందే తెలిసిన పరీక్ష లెక్క) ఉంది: చదరపు పెట్టెలో స్థిరమైన స్నిగ్ధతతో, రేలీ సంఖ్య (ప్రవాహం ఎంత బలంగా పుడుతుందో చెప్పేది) పది వేలు పెడితే, నుసెల్ట్ సంఖ్య (కేవలం వాహకత్వంతో పోయే వేడికి ఎన్ని రెట్లు వేడి పోతోందో చెప్పేది) 4.8844 రావాలి. 4.7 వస్తే మెష్ ముతకగా ఉన్నట్టు. 1.0 వస్తే అసలు కదలికే లేనట్టు, వేడి కేవలం వాహకత్వంతో పోతోంది. రేలీ సంఖ్య సెట్ చేసే చోట ఏదో తప్పింది.

అండర్‌వరల్డ్ కూడా ఇంచుమించు ఇదే రకం ప్రశ్నలకి. జూపిటర్ నోట్‌బుక్‌లో పైథాన్‌తో నడుస్తుంది కాబట్టి మడతలు, సబ్‌డక్షన్ లాంటి పెద్ద వైకల్యాల మీద ఆసక్తి ఉండి, పైథాన్ వచ్చినవాళ్లకి ఆస్పెక్ట్ కంటే ఇదే చనువుగా ఉంటుంది.

ఈ మూడూ ఉచితమే. మూడింటి లోపం కూడా ఒకటే: నిపుణులు ముందే సరైన ఎలిమెంట్లు ఎంచి పెట్టేశారు. ప్రవాహపు లెక్కలో వేగానికి, ఒత్తిడికి పొసగని ఎలిమెంట్లు వాడితే ఒత్తిడి బొమ్మ చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లతో వస్తుంది. ఆస్పెక్ట్‌లో అది కనబడదు, వేగానికి రెండో డిగ్రీ, ఒత్తిడికి మొదటి డిగ్రీ అని అందులో ముందే ఉంది. పరిశోధకుడికి అది వరం. విద్యార్థికి మాత్రం, ఆ గళ్లు ఒకసారైనా కళ్లారా చూస్తేనే ఆ వరం విలువ తెలుస్తుంది. అందుకే మొదటి రోజు చేత్తో రాసిన కోడ్‌లో కావాలనే ఆ గళ్లు తెప్పిస్తాను.

నాలుగో దారి: కొనుక్కునే సాఫ్ట్‌వేర్

కామ్‌సోల్, అబాకస్, ప్లాక్సిస్. మౌస్‌తో గీసి, బటన్ నొక్కితే రంగుల బొమ్మ. సింగరేణి లాంటి గనుల నుంచి, డ్యాముల కన్సల్టెన్సీల నుంచి వచ్చే ఇంజనీర్లకి ఇదే సరైన దారి. వాళ్ల ఆఫీసులో లైసెన్సు ఉంటుంది, పై అధికారి అడిగేది రిపోర్టు, వాళ్లకి డెడ్‌లైన్ ఉంటుంది. వాళ్లని కూర్చోబెట్టి వీక్ ఫామ్ రాయించడం న్యాయం కాదు.

యూనివర్సిటీ పిల్లలకి మాత్రం నేను దీన్ని సిఫార్సు చెయ్యను. వర్క్‌షాప్ కోసం ఇచ్చే తాత్కాలిక లైసెన్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది. అబాకస్ విద్యార్థి వెర్షన్ ఉచితమే, కానీ 1000 నోడ్‌ల పరిమితి. రెండు పరిమాణాల్లో అది 31 బై 31 గడి, మూడు పరిమాణాల్లో పదేసి నోడ్‌ల డబ్బా. నేర్చుకోవడానికి సరే, థీసిస్‌కి చాలదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు: హాస్టల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో క్రాక్ వెర్షన్ తెస్తారు. దానితో చేసిన పనిని రేపు పేపర్‌లో రాసుకునే ధైర్యం ఉండదు.

రంగుల బొమ్మ ఎంత తేలిగ్గా మోసం చేస్తుందో నేను ఒకసారి క్లాసులోనే చూశాను. 40 కి.మీ. మందం క్రస్ట్, పక్కలు కదలకుండా బిగించారు, అడుగు బిగించారు, గురుత్వాకర్షణ ఆన్ చేశారు. నేల 235 మీటర్లు కుంగింది. ఎర్రటి రంగు, చక్కటి లెజెండ్. అక్కడ బేసిన్ ఏర్పడుతోందని ప్రెజెంటేషన్ కూడా ఇచ్చారు. నిజానికి ఆ క్రస్ట్ కోట్ల ఏళ్లుగా తన బరువు తానే మోస్తోంది, కుంగాల్సినంతా ఎప్పుడో కుంగింది. మొదట్లో ఉన్న ఒత్తిడిని మోడల్‌లో పెట్టకపోతే ప్రతి క్రస్టూ స్విచ్ వేయగానే కుంగుతుంది. సాంద్రత ఘనమీటరుకి 2700 కిలోలు, లేమే స్థిరాంకాలు (రాయి ఎంత గట్టిదో చెప్పే అంకెలు) రెండూ 30 గిగాపాస్కల్స్ పెట్టి చేత్తో లెక్కేసినా అదే 235 వస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, అడిగిన ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | చేతి కోడ్ | ఫీనిక్స్, ఫైర్‌డ్రేక్ | పైలిత్, ఆస్పెక్ట్, అండర్‌వరల్డ్ | కామ్‌సోల్, అబాకస్, ప్లాక్సిస్ |
|---|---|---|---|---|
| మొదటి బొమ్మ | గంటలోపు | కోలాబ్‌లో అరగంట | ఇన్‌స్టలేషన్ ముందే అయితే గంట, లేకపోతే ఒక రోజు | అరగంట |
| కావాల్సిన గణితం | మాత్రికలు | వీక్ ఫామ్ | భౌతికశాస్త్రం గట్టిగా, గణితం ఓ మోస్తరు | తక్కువతో నడిచిపోతుంది, చిక్కంతా అక్కడే |
| తప్పు కనబడుతుందా | వెంటనే | చాలావరకు | బెంచ్‌మార్క్ నడిపితేనే | అనుమానించేవాళ్లకే |
| తర్వాత ఖర్చు | ఆక్టేవ్, పైథాన్ ఉచితం | ఉచితం | ఉచితం | లైసెన్సు |
| మూడు డైమెన్షన్లు | వద్దు | అవును | అవును | అవును |
| థీసిస్‌కి | పునాదికి | అవును | అవును | లైసెన్సు ఉన్నచోట |

మీ హాల్లో కూర్చునేది ఎవరు?

ఎమ్మెస్సీ విద్యార్థులే అయితే మూడు రోజులూ చేతి కోడే చెప్పండి. మూడో రోజు మధ్యాహ్నం ఆస్పెక్ట్‌ని మీ మిషన్ మీద ప్రొజెక్టర్‌లో చూపించండి చాలు, వాళ్లచేత నడిపించక్కర్లేదు. ఆకలి పుడితే వాళ్లే వెతుక్కుంటారు.

పీహెచ్‌డీ వాళ్లయితే మొదటి రోజు చేతి కోడ్, రెండు, మూడు రోజులు వాళ్ల ప్రశ్నకి సరిపోయే ఒకే ప్యాకేజీ. రెండు ప్యాకేజీలు పెట్టాలన్న కోరిక కమిటీలో ఎవరికో ఒకరికి తప్పకుండా పుడుతుంది. ఒప్పుకోకండి. ఫాల్ట్ వాళ్లు, మ్యాంటిల్ వాళ్లు సగం సగం ఉంటే, రెండు వర్క్‌షాపులు పెట్టడమే నయం. అది కుదరకపోతే ఫీనిక్స్ రెండు వర్గాలకీ మధ్యేమార్గం. ఎవరికీ పూర్తి తృప్తి ఉండదు, ఎవరూ ఖాళీ చేతులతో పోరు.

గని, డ్యామ్ ఇంజనీర్లయితే వాళ్ల ఆఫీసులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదో కనుక్కుని అదే నేర్పండి. కానీ పైన చెప్పిన 235 మీటర్ల లెక్క వాళ్లచేత చేత్తో వేయించండి.

పాఠం చెప్పే అధ్యాపకులే వస్తుంటే ఐదు రోజులు అడగండి. వాళ్లు రేపు తమ కాలేజీలో చెప్పాలి. అక్కడి ల్యాబ్‌లో మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు ఉండకపోవచ్చు, కాబట్టి నోట్స్ ఆక్టేవ్‌లోనో పైథాన్‌లోనో ఉండాలి.

ఆన్‌లైనా, హాల్లోనా, ల్యాబా, సొంత ల్యాప్‌టాపా

కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌లో ఒకటి నడిపాను. లెక్చర్ బాగానే పోయింది, ప్రాక్టికల్ పోయింది. మెష్ ఎక్కడ చెడిందో పక్కన నిలబడి చూస్తే పది సెకన్లు. స్క్రీన్ షేర్ చేయించి చూడటానికి పది నిమిషాలు. ఆన్‌లైన్ తప్పనిసరైతే రోజుకి రెండు గంటల చొప్పున రెండు వారాలకి పరచండి, మధ్యలో హోంవర్క్ ఉండాలి.

హాల్లో అయితే 25 మంది దాటనివ్వకండి, ఆరేడుగురికి ఒక సీనియర్ రీసెర్చ్ స్కాలర్ తిరుగుతూ ఉండాలి. ఆ స్కాలర్లకి మీరు వారం ముందు ఇవే లెక్కలు చేయించి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు లెక్కపెట్టుకోండి, ఇది చిన్న విషయం కాదు. మధ్యాహ్నం రెండింటికి 25 ల్యాప్‌టాప్‌లూ ఒకేసారి ఛార్జింగ్ అడుగుతాయి.

సొంత ల్యాప్‌టాపే మేలని నా ఓటు, ఎందుకంటే సోమవారం వాళ్ల దగ్గర ఉండేది అదే. డాకర్ అయినా, డబ్ల్యూఎస్‌ఎల్ అయినా నడవాలంటే బయాస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో ఉండి అరపూట తింటుంది. దించుకోవాల్సిన ఫైళ్లన్నీ పది పెన్‌డ్రైవ్‌లలో పెట్టి బల్లల మీద ఉంచండి. యూనివర్సిటీ వైఫైని నమ్మకండి, ముఖ్యంగా ప్రాక్సీ ఉన్న చోట.

సూపర్‌కంప్యూటర్ వాడదామని ఎవరైనా అంటారు. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఉంది, దాని మీద అకౌంట్ ఉన్నవాళ్లు మీ కమిటీలోనే ఉండొచ్చు. మూడు రోజుల వర్క్‌షాప్‌లో క్లస్టర్ జోలికి పోకండి. జాబ్ క్యూలో నిలబడటం నేర్పడానికే ఒక రోజు చాలదు.

తేదీల విషయం ఒక్క మాట. డిసెంబర్‌లో ఏజీయూ, ఏప్రిల్ ప్రాంతంలో ఈజీయూ (అమెరికా, యూరప్ భూశాస్త్రవేత్తల పెద్ద సమావేశాలు) ఉంటాయి, మంచి వక్తలు దొరకరు. మేలో ఎండలు. సెమిస్టర్ పరీక్షల్ని తీసేస్తే మిగిలేవి ఆగస్టు, సెప్టెంబరు, ఫిబ్రవరి. ఫిబ్రవరి పెట్టుకుంటే గ్రాంటు మార్చిలోపు ఖర్చవుతుంది కూడా.

ఎంపికకి ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. దరఖాస్తు చేసినవాళ్లందరికీ రెండు వారాల ముందు ఒక చిన్న ఆక్టేవ్ ఫైల్ పంపుతాను. పైన చెప్పిన నాలుగు ఎలిమెంట్ల క్రస్టే. అడుగున ఉష్ణప్రవాహం కలపాల్సిన వరస ఖాళీగా వదిలేస్తాను, ఆ సంగతి మెయిల్‌లో చెప్పను, సమస్యలో మాత్రం 20 మిల్లీవాట్లని రాసి ఉంటుంది. 40 కి.మీ. దగ్గర వచ్చిన ఉష్ణోగ్రత తిరిగి పంపమంటాను. ఏ అంకె పంపినా ఆక్టేవ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో నడుస్తోందని తెలుస్తుంది, ఇన్‌స్టలేషన్ గొడవ అక్కడితో తీరిపోతుంది. 640 పంపినవాళ్లకి సీటు. 320 పంపినవాళ్లకీ సీటే, కాకపోతే ముందు వరసలో. కిందటిసారి ఒకతను 320తో పాటు ధార్వార్ క్రాటన్ మీద రెండు పేరాలు రాసి పంపాడు. అతన్ని నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను.